రెండు గన్‌లకూ ఒకే తూటా: ఖర్చు కలిసొస్తుందా?

ప్రశ్న: నా దగ్గర లైసెన్స్ ఉన్న 9 ఎంఎం పిస్టల్ ఉంది. తరచూ షూటింగ్ రేంజ్‌కు వెళ్తాను. రివాల్వర్ కూడా కొనాలని ఎప్పటినుంచో మనసు. .38 స్పెషల్ (రివాల్వర్ తూటా రకం) వాడే దాని బదులు 9 ఎంఎం రివాల్వరే తీసుకుంటే రెండింటికీ ఒకే తూటా సరిపోతుందని, ఖర్చు కలిసొస్తుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: దేనితో పోలిస్తే కలిసొస్తుందో ముందు తేల్చుకోండి. ఇప్పుడు మీరు .38 తూటాలు కొనడం లేదు కదా! అలాంటప్పుడు కొత్త గన్ వల్ల తగ్గే ఖర్చేమీ లేదు. రివాల్వర్ ఎలాగూ కొంటారు, ఏ రకం అన్నదే తేలాలి అంటే మాత్రం మీ స్నేహితుడి మాటలో పస ఉంది. 9 ఎంఎం సాధారణంగా .38 కన్నా చవక, దొరకడమూ తేలిక.

రెండు రివాల్వర్ల ధరల్లో తేడాను, ఒక్కో తూటా మీద మిగిలే మొత్తంతో భాగించండి. ఎన్ని కాలిస్తే ఆ తేడా రాబట్టుకుంటారో తెలుస్తుంది. ఇందులో రివాల్వర్‌తో కాల్చేవే లెక్కపెట్టాలి. పిస్టల్‌వి కూడా కలిపేసి మురిసిపోయేవాళ్లే ఎక్కువ.

ఆ తేడాలో మూన్ క్లిప్పుల (తూటాలను కలిపి పట్టి ఉంచే రేకుల) ఖర్చూ వేసుకోండి. రివాల్వర్ తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది; కాల్చాక మిగిలే ఖాళీ కేసులను (తూటా గొట్టాలను) బయటకు నెట్టేటప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ అనే భాగం పట్టుకునేది దాన్నే. 9 ఎంఎం లాంటి పిస్టల్ తూటాకు ఆ అంచు ఉండదు. 1917లో అమెరికా సైన్యానికి పిస్టళ్లు చాలక కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ కంపెనీలు .45 ఏసీపీ అనే పిస్టల్ తూటాతో రివాల్వర్లు తయారు చేసినప్పుడు ఈ చిక్కే వచ్చింది. మూడేసి తూటాలను పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు ఉక్కు రేకుతో దాన్ని తీర్చారు. ఇప్పటి క్లిప్పులు సిలిండర్ (తూటాలు నింపే, గుండ్రంగా తిరిగే భాగం) మొత్తానికి సరిపోయే గుండ్రటివి.

వాటితో లోడింగ్ చిటికెలో అయిపోతుంది. .45 రివాల్వర్‌తో అమెరికా షూటర్ జెర్రీ మికులెక్ 1999లో ఆరు కాల్చి, మళ్లీ నింపి, ఇంకో ఆరు కాల్చడానికి 2.99 సెకన్లే పట్టింది. ఖాళీ కేసులు కూడా క్లిప్‌తోపాటే చేతికొస్తాయి. కేసుల్లో మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడుకునే అలవాటుంటే నేలమీద ఏరుకునే పని తప్పుతుంది, అది నిజమైన పొదుపే. కానీ ఆ రేకు పలచన. జేబులో పడి కాస్త వంగినా సిలిండర్ తిరగడం బరువెక్కుతుంది, ఒక్కోసారి తూటా పేలదు. కాబట్టి రెండు మూడు కొని సరిపెట్టుకోలేరు; నింపడానికీ తీయడానికీ వాడే పనిముట్టూ కావాలి.

క్లిప్పుల గొడవ వద్దనుకుంటే రూగర్ బ్లాక్‌హాక్ రివాల్వర్‌లో రెండు సిలిండర్లతో వచ్చే మోడల్ చూడండి: ఒకటి .357 మాగ్నమ్ అనే రివాల్వర్ తూటాకు, ఇంకొకటి 9 ఎంఎంకు. మొదటిదాంట్లో .38 స్పెషల్ కూడా పేలుతుంది. ఇందులో కేసులను ఒక్కొక్కటిగా కడ్డీతో నెడతారు కాబట్టి అంచు లేకపోయినా ఇబ్బంది లేదు. నెమ్మది, నిజమే. అయినా ఏ తూటా చవగ్గా దొరికితే దాన్నే వాడుకునే వీలుంది. డబ్బు వైపు నుంచి చూస్తే నా ఓటు దీనికే.

తేలికపాటి చిన్న రివాల్వర్ అయితే ఇంకో సంగతి. కాల్చిన కుదుపుకు, సిలిండర్‌లో మిగిలిన తూటాల కొసన ఉండే బుల్లెట్ కేసులోంచి ముందుకు జరగొచ్చు. మరీ జరిగితే సిలిండర్ బిగుసుకుపోతుంది. కొనేముందు అద్దెకు తీసుకుని, మీరు వాడే బ్రాండ్‌నే నింపి, చివరిది తప్ప అన్నీ కాల్చండి. ఆ ఒక్కదాన్ని బయటకు తీసి కొత్త తూటా పక్కన పెట్టి చూడండి. పొడవు పెరిగి ఉంటే ఆ రివాల్వర్‌కు ఆ బ్రాండ్ పనికిరాదు, మీ దగ్గరున్న స్టాకు పిస్టల్‌కే.