విదేశీ రుచులు మానక్కర్లేదు, ముందు కార్డు బాకీ తీర్చండి

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. కొండాపూర్‌లో స్నేహితురాళ్లతో కలిసి ఫ్లాట్‌లో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 65,000 చేతికొస్తుంది. అద్దెకు 15,000, ఖమ్మంలో అమ్మకు 12,000, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్‌కు 5,000 పోతాయి. కొరియన్, జపనీస్, అరబ్ వంటలంటే ప్రాణం. వాటికే నెలకు 12,000 దాకా అవుతోంది. అందులో 7,500 ఫుడ్ యాప్‌లకే. క్రెడిట్ కార్డు మీద 46,000 బాకీ ఉంది, నెలకు మినిమమ్ 2,300 కడుతున్నాను. ఏడాది తర్వాత స్నేహితులతో బ్యాంకాక్ వెళ్లాలని ఉంది. అమ్మేమో తిండికి ఇంత తగలేస్తావా అంటోంది. ఈ అలవాటు మానేయాలా?

జవాబు: మానొద్దు. సంపాదించే వయసులో కొత్త రుచి కోసం ఊరంతా తిరగడాన్ని నేను దుబారా అనను. మన హైదరాబాద్ హలీమ్ కూడా అరబ్బులు తెచ్చిన హరీస్ అనే గోధుమ, మాంసం వంట నుంచి వచ్చిందే. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా దక్కింది. మీ లెక్కలో నన్ను కంగారు పెట్టింది తిండి కాదు, కార్డు.

చాలా కార్డుల్లో ఉన్నట్టు నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసుకుంటే 46,000 మీద 1,610 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే 1,900. అంటే మీరు కడుతున్న 2,300లో అసలుకు చేరేది 400 రూపాయలే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. నిన్న రాత్రి కార్డు మీద తెప్పించుకున్న రామెన్‌కు (జపనీస్ నూడుల్స్ సూప్) నిన్నటి నుంచే వడ్డీ నడుస్తోంది. కాబట్టి బాకీ తీరేదాకా తిండికి కార్డు వాడకండి. యూపీఐతోనే కట్టండి.

ఇప్పుడు ఆ 12,000ను 6,000కు తెద్దాం. తినే రుచులు తగ్గించక్కర్లేదు, తెప్పించుకోవడం తగ్గిస్తే చాలు. యాప్‌లో చాలా హోటళ్ల ధర అక్కడికెళ్లి తింటే పడే ధర కన్నా ఎక్కువే ఉంటుంది. దాని మీద ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు. ఇంత కట్టినా రామెన్ ఇంటికి చేరేసరికి నూడుల్స్ ఉబ్బిపోయి ఉంటాయి. వేడిగా గిన్నెలోంచి తినాల్సిన వంటకు డెలివరీ డబ్బు దండగ. రాత్రి పొద్దుపోయాక నూడుల్స్ తినాలనిపిస్తే సూపర్‌మార్కెట్లో దొరికే కొరియన్ ప్యాకెట్ తెచ్చుకుని గుడ్డు, ఉల్లికాడలు వేసుకోండి.

బయట తినేటప్పుడు ఒకటే గుర్తు చూసుకోండి: ఆ దేశం వాళ్లు, లేదా ఆ వంటతో తరాలుగా బతికినవాళ్లు రోజూ తినే చోటు. అక్కడ ఇంటీరియర్‌కి డబ్బు కట్టక్కర్లేదు. నిజాం కొలువులో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు ఈనాటికీ బార్కస్‌లో ఉన్నారు. ఊరంతా ఇప్పుడు మండీ (అన్నం, మాంసంతో చేసే అరబ్ వంట) బోర్డులే కనిపిస్తాయి కానీ నా మాట విని ఒక్కసారి బార్కస్ దాకా వెళ్లండి. పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినే భోజనం కాబట్టి తలా ఇంతని పంచుకుంటే ఒక్కొక్కరికి పడేది తక్కువ. రంజాన్ నెలలో వెళితే హరీస్ కూడా తినొచ్చు. మీకు దూరమే. మెహిదీపట్నం, ఆరాంఘర్ మీదుగా వెళ్లాలి, నలుగురూ ఒకే క్యాబ్‌లో వెళితేనే గిట్టుబాటు. దగ్గరలో కావాలంటే టోలీచౌకి ఉంది. అక్కడి పారామౌంట్ కాలనీ వైపు యెమెన్, సూడాన్, సోమాలియా నుంచి చదువుకు వచ్చినవాళ్లు ఎక్కువ. వాళ్ల కోసం నడిచే చిన్న హోటళ్లలో హంగులు తక్కువ, వంట నిఖార్సు.

కొరియన్, జపనీస్ చోట్లకు మాత్రం వారం మధ్యలో మధ్యాహ్నం వెళ్లండి. లంచ్ సెట్ ఉందేమో ముందే ఫోన్ చేసి అడగండి. బిల్లులో సర్వీస్ చార్జీ వేస్తే తీసేయమనండి. అది కట్టి తీరాలని హోటళ్లు బలవంతం చేయకూడదని 2022లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. వంట నచ్చితే వడ్డించినవాళ్ల చేతికే టిప్ ఇవ్వండి.

ఇలా మిగిలే 6,000కు మీ సిప్ 5,000, మినిమమ్‌గా కడుతున్న 2,300 కలపండి. మొత్తం 13,300 నెలనెలా కార్డుకే కట్టండి. సిప్ ఆపమంటున్నానని టెన్షన్ పడకండి. ఏడాదికి 42 శాతం పడే వడ్డీని దాటి ఖాయంగా రాబడినిచ్చే ఫండ్ ఏదీ లేదు. నాలుగో నెలలో బాకీ తీరిపోతుంది. ఐదో నెల నుంచి సిప్ మళ్లీ మొదలుపెట్టి, మిగతా 8,300 బ్యాంకాక్ పేరుతో రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఎనిమిది నెలల్లో 66,000 దాటుతుంది. అమ్మకు పంపే డబ్బులో రూపాయి కూడా తగ్గదు. ఈ లెక్క కాగితం మీద వేసి ఆమెకు చూపించండి.

బ్యాంకాక్‌లోనూ ఇదే పద్ధతి. షాపింగ్ మాల్ పై అంతస్తుల్లో అక్కడి ఉద్యోగులు తినే ఫుడ్‌కోర్టులు ఉంటాయి. టెర్మినల్ 21లోని పియర్ 21 అలాంటిదే. ముందు ఫుడ్‌కోర్టు వాళ్లిచ్చే కార్డులో డబ్బు వేయించుకుని తినాలి, మిగిలింది వెనక్కి ఇచ్చేస్తారు. వీధి బళ్ల దగ్గర నగదు ఉండాల్సిందే. విదేశీ కార్డుతో ఏటీఎంలో తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు 200 బాత్‌కు (థాయ్ కరెన్సీ) పైనే ఫీజు పట్టుకుంటుంది, కాబట్టి చిన్న మొత్తాలు పదేపదే తీయకండి. మెషీన్ మీద రూపాయల్లో కడతారా, బాత్‌లోనా అని అడిగితే బాత్ నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లిష్టం. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో మీ డెబిట్ కార్డుకు విదేశీ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకుని, రోజువారీ పరిమితి కూడా పెట్టుకోండి.