ఆపరేషన్‌కు ముందు ఏపీటీటీ ఎక్కువొచ్చింది... జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలాస. మా అబ్బాయికి 19 ఏళ్లు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో రక్తం గడ్డకట్టడానికి పట్టే టైమ్ చూసే ఏపీటీటీ 58 సెకన్లు వచ్చింది. నార్మల్ 26 నుంచి 36 అని రిపోర్టులో ఉంది. గడ్డకట్టడాన్నే చూసే మరో పరీక్ష పీటీ బాగానే ఉంది. శాంపిల్ ఇక్కడ తీసి విశాఖపట్నం పంపారు. ఆపరేషన్ వాయిదా వేశారు. రక్తం గడ్డకట్టని జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, వాయిదా వేసి సర్జన్ మంచి పనే చేశారు. కానీ ఈ ఒక్క అంకె చూసి బాబుకు జబ్బుందని అనుకోవద్దు. ముందు ఆ అంకె నిజమో కాదో తేలాలి.

ఈ పరీక్షకు లేత నీలం మూత ట్యూబ్‌లో రక్తం తీస్తారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ఉంటుంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ లెక్క. ట్యూబ్ గీత వరకు నిండకపోతే సిట్రేట్ మోతాదు ఎక్కువై, ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా టైమ్ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టనీయని మందు హెపారిన్ ఎక్కించిన లైన్‌లోంచి రక్తం తీసినా అంతే. ఇక మీ విషయంలో నాకు అన్నిటికంటే అనుమానం ప్రయాణం మీదే. రక్తం తీసిన నాలుగు గంటల్లో ఏపీటీటీ చేసేయాలి. లేదా ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరు చేసి, ఫ్రీజ్ చేసి పంపాలి. పలాస నుంచి రక్తాన్ని అలాగే పంపి ఉంటే ఆ ఫలితాన్ని నేను నమ్మను. బాబును విశాఖ తీసుకెళ్లి ల్యాబ్‌లోనే రక్తం ఇప్పించండి.

అప్పుడూ ఎక్కువే వస్తే మిక్సింగ్ పరీక్ష చేస్తారు. బాబు ప్లాస్మా సగం, ఆరోగ్యవంతుల ప్లాస్మా సగం కలిపి మళ్లీ టైమ్ చూస్తారు. నార్మల్‌కు వచ్చేస్తే బాబుకు ఏదో ఫ్యాక్టర్, అంటే రక్తం గడ్డకట్టించే ప్రొటీన్, తక్కువుందన్నమాట. 8, 9, 11, 12 ఫ్యాక్టర్లను కొలిచి ఏది తక్కువో పట్టుకుంటారు. 9 తగ్గితే హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) బి. 8 తగ్గితే హీమోఫీలియా ఏ కావచ్చు, వాన్ విల్లెబ్రాండ్ అనే మరో రక్తస్రావ జబ్బూ కావచ్చు. 12 ఒక్కటే తక్కువైతే, ఏపీటీటీ ఎంత ఎక్కువున్నా దానివల్ల రక్తం కారదు.

కలిపినా టైమ్ తగ్గకపోతే ఒంట్లోనే తయారైన ఏదో యాంటీబాడీ గడ్డకట్టడానికి అడ్డుపడుతోందని అనుమానిస్తారు. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అలాంటిదే. పరీక్షలో రక్తం ఆలస్యంగా గడ్డకట్టినట్టు చూపిస్తుంది, ఒంట్లో మాత్రం గడ్డలు కట్టే ముప్పు పెంచుతుంది. ఇన్ఫెక్షన్ల తర్వాత కొన్నాళ్లు కనిపించి పోవచ్చు కాబట్టి 12 వారాల తర్వాత మళ్లీ చూస్తారు. 8వ ఫ్యాక్టర్‌ను దెబ్బతీసే యాంటీబాడీ కలిపిన వెంటనే బయటపడకపోవచ్చు. అందుకే ఆ మిశ్రమాన్ని 37 డిగ్రీల వేడిలో గంటో రెండు గంటలో ఉంచి మరోసారి చూస్తారు.

ఇన్ని పరీక్షల్లోనూ దొరకనిది మీ దగ్గర ఉంది. పన్ను పీకించినప్పుడు బాబుకు రక్తం ఆగలేదా? దెబ్బ తగలకుండానే మోకాలు, మోచెయ్యి వాచేవా? మీ అన్నదమ్ములకు, మీ అక్కచెల్లెళ్ల కొడుకులకు ఇలాంటివి ఉన్నాయా? హీమోఫీలియా తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది. వంశంలో లేకుండా కొత్తగా రావడమూ ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సర్జన్‌కు ఇవ్వండి.

విషయం తేలేదాకా ఆస్పిరిన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు, కండకు ఇంజెక్షన్లు వద్దు. కీలు వాచినా, తలకు దెబ్బ తగిలినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. హెర్నియా లోపలికి వెళ్లకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే మాత్రం ఈ రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లి, ఏపీటీటీ సంగతి అక్కడి డాక్టర్‌కు ముందే చెప్పండి.