ఆ కాగితాలు చూసుకోవడం దొంగతనం కాదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. పెళ్లయి 14 ఏళ్లు. పాపకు పదకొండు, బాబుకు ఏడు. మావారు కొట్టరు, తిట్టరు. కానీ అయిదేళ్లుగా మా మధ్య అవసరానికి మించిన మాట లేదు. కౌన్సెలింగ్‌కు రెండుసార్లు వచ్చి మానేశారు. విడాకులు తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆయనకు ఇంకా చెప్పలేదు. ముందు కాగితాలు సమకూర్చుకోమని స్నేహితురాలు చెప్పింది. మొన్న రాత్రి ఆయన నిద్రపోయాక, నా సంతకం కూడా ఉన్న ఇంటి అప్పు పత్రాలను ఫొటో తీస్తుంటే చేతులు వణికాయి. దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది. అక్క మాత్రం నేరుగా నోటీసు పంపమంటోంది. వచ్చే నెల బాబు పుట్టినరోజు. అప్పటిదాకా ఆగనా?

జవాబు: మీ చేతులు ఎందుకు వణికాయో నాకు అర్థమైంది. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషికి తెలియకుండా ఏం చేసినా తప్పులాగే తోస్తుంది. కానీ మీరు సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తెలుసుకోవడం మీ హక్కు, ఆ మాటకొస్తే మీ బాధ్యత. అసలు దాన్ని సంతకం పెట్టిన రోజే చదవాల్సింది. చాలామంది చదవరు, అదే తర్వాత కష్టం తెస్తుంది.

హద్దు ఎక్కడుందో చెబుతాను. మీ పేరున్న పత్రాలు, ఇంట్లో అందరికీ అందుబాటులో ఉండే పత్రాలు నకలు తీసుకుని అసలును తిరిగి అక్కడే పెట్టండి. ఆయన ఫోను తెరిచి సందేశాలు చదవడం, ఆయన మెయిల్‌లోకి వెళ్లడం మాత్రం వద్దు. అది మిమ్మల్నే చట్టపరమైన చిక్కుల్లో పడేయవచ్చు. ఉమ్మడి ఖాతాను ఖాళీ చేయడం, నగలు మరొకరి ఇంట్లో దాచడం కూడా అంతే. అలాంటి పని బయటపడితే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా న్యాయమూర్తి అనుమానంగానే చూస్తారు.

వివాహ ధ్రువపత్రం, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆస్తి పత్రాలు, బీమా పాలసీలు ముందు చూసుకోండి. పాలసీల్లో నామినీ ఎవరో గమనించండి. వీటికంటే ముఖ్యమైనది, ఎవరూ చేయనిది మరొకటి ఉంది. మూడు నెలల పాటు ఇంటి ఖర్చు, పిల్లల చదువు ఖర్చు రోజూ రాసి పెట్టండి. భరణం గురించి మాట్లాడే రోజున ‘చాలా అవుతుంది’ అన్న మాట నిలవదు, ఆ పుస్తకంలోని లెక్క నిలుస్తుంది. మీ ఒక్కరి పేరున ఖాతా లేకపోతే ఇప్పుడే తెరవండి.

ఇంటి అప్పు విషయంలో తొందరపడకండి. వాయిదాలు ఆయనే కడతారని ఒప్పందంలో రాసుకున్నా, ఆ ఒప్పందంలో బ్యాంకు భాగస్వామి కాదు. ఆయన కట్టడం ఆపేస్తే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. ఇల్లు అమ్మి అప్పు తీర్చడమో, బ్యాంకు అంగీకారంతో మీ పేరు తీయించుకోవడమో విడాకులకు ముందే తేల్చుకోవాలి. విడిపోయి ఏళ్లు గడిచాక ఈ ఒక్క చిక్కుతో నా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

మీ వివాహం ఏ చట్టం కిందికి వస్తుందో రాయలేదు. హిందూ వివాహ చట్టమైతే, పరస్పర అంగీకారంతో పిటిషన్ వేయడానికి ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అది విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మీ అయిదేళ్ల సంగతి న్యాయవాదికి అలాగే చెప్పండి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ గడువును కోర్టు సడలించవచ్చని 2017లో తీర్పు వచ్చింది. న్యాయవాదిని ఎంచుకునేటప్పుడు ‘గెలిపిస్తాను’ అనేవారిని కాదు, మీ లెక్కలు, పిల్లల సంగతి ముందు అడిగేవారిని చూడండి.

మీ అక్క ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ మాట వినకండి. హింస ఉన్న ఇంట్లో అయితే నేనూ ముందు సురక్షితమైన చోటికి చేరమంటాను, చెప్పడం తర్వాత. ఎందుకంటే వెళ్లిపోతున్నానని తెలిసిన సమయమే అన్నిటికన్నా ప్రమాదకరం. మీ ఇంట్లో ఆ భయం లేదు. ఆ మనిషి ఈ సంగతి నోటీసులో చదవకూడదు, మీ నోట వినాలి. పిల్లలు ఇంట్లో లేని రోజు కూర్చోబెట్టి, పాత తప్పుల పద్దు విప్పకుండా, నిర్ణయం మాత్రం చెప్పండి. ఆయనకు కోపం రావచ్చు, ఏడవవచ్చు. ఆ రోజే ఆస్తి గురించి మాట్లాడకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీరు కొన్ని నెలలుగా ఆలోచిస్తున్న విషయాన్ని ఆయన అప్పుడే వింటారు. ఆయనకూ కొంత సమయం కావాలి.

పిల్లలకు ఇద్దరూ కలిసి చెప్పండి, ఎక్కడ ఉంటారో, బడి మారుతుందో లేదో తేలాక. పాప కారణం అడుగుతుంది. బాబు బహుశా అడగడు, తన వల్లేనేమో అనుకుంటాడు. వాడికి అది కాదని ఒకసారి చెబితే చాలదు.

పుట్టినరోజు దాకా ఆగండి. ఖర్చుల పుస్తకం ఇప్పుడే మొదలుపెట్టినా అది నిండడానికి మూడు నెలలు పడుతుంది. ఆ రోజు వాడి పక్కన ఇద్దరూ నిలబడి ఫొటో తీయించుకోండి.