కెడావర్ కిడ్నీ వెంటనే పనిచేయకపోతే కంగారు పడకండి

మీ అన్నయ్యకి ఇంట్లో ఎవరి కిడ్నీ కుదరలేదనీ, చనిపోయినవాళ్ల కిడ్నీ పనిచేస్తుందో లేదో అని చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు ఇవ్వడానికి వెనకాడుతున్నారనీ రాశారు. పనిచేస్తుందండీ. నాకు పెట్టింది అలాంటిదే, హైదరాబాద్‌లో. ముందు పేరు నమోదు చేయించండి. ట్రాన్స్‌ప్లాంట్ చేసే ఆసుపత్రి ద్వారానే అది జరుగుతుంది.

ఫోన్ వచ్చినంత మాత్రాన కిడ్నీ మనకే అని ఖాయం కాదు. ఒకరికి కుదరకపోతే వృథా కాకుండా ఒకరిద్దరిని అదనంగా పిలుస్తారు. దాత రక్తకణాల్ని మన సీరంతో (కణాలు తీసేసిన రక్తద్రవం) కలిపి, మన యాంటీబాడీలు వాటి మీద దాడి చేస్తాయేమో చూస్తారు. దీన్నే క్రాస్‌మ్యాచ్ అంటారు, పాజిటివ్ వస్తే ఇంటికే. హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు రక్తం ఎక్కించుకుంటే యాంటీబాడీలు పెరిగి మ్యాచ్ దొరకడం కష్టం కావచ్చు. హిమోగ్లోబిన్ పెంచే ఇంజక్షన్లతో సరిపోతుందేమో డాక్టర్ని తప్పక అడగండి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆపరేషన్ తర్వాతి సంగతి. బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ మామూలుగా వెంటనే పని అందుకుంటుంది. చనిపోయినవాళ్లది గంటల తరబడి ఐసులో ఉండి వస్తుంది కదా, కొందరికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అప్పటిదాకా మళ్లీ డయాలసిస్సే. నాకూ అంతే. యూరిన్ బ్యాగు అడుగున కాసిని ఎర్రటి నీళ్లు, క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) దిగదు. నర్సు కొలిచి రాసుకునే ప్రతిసారీ మా ఆవిడ ఆమె ముఖంలోకి చూసేది. డాప్లర్ స్కాన్ చేసి, రక్తం బాగానే అందుతోంది, ఓపిక పట్టమన్నారు. ఒక రాత్రి ఉన్నట్టుండి ధార మొదలైంది. బ్యాగు ఖాళీ చేసిన కాసేపటికే నిండేది, దానికి తగ్గట్టు సెలైన్ పెంచుతూ పోయారు. తెల్లారాక నన్ను నీళ్లు తాగమన్నారు! డయాలసిస్ రోజుల్లో చెంచాల లెక్కన గొంతు తడుపుకున్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో మీ అన్నయ్యకి తెలుసు.

ఎవరి బిడ్డదో ఆ కిడ్నీ, పేరు చెప్పరు. అంత దుఃఖంలో సరేనన్న ఆ ఇంటివాళ్లకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మందులు జీవితాంతం. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ నాకు 12 గంటలకోసారి, టైము తప్పకూడదు. రక్తంలో ఆ మందు ఎంత ఉందో చూసే లెవెల్ పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి మాత్ర. పంపర పనస తింటే రక్తంలో ఆ మందు పెరిగిపోతుంది, అది పూర్తిగా మానేయాలి. మీ అన్నయ్య బ్లడ్ గ్రూపు, ప్రస్తుతం వారానికి ఎన్నిసార్లు డయాలసిస్ చేస్తున్నారో రాస్తే, నమోదుకి ముందు నాకు చేసిన పరీక్షలేమిటో వివరంగా చెబుతాను.