ఊరి పేరు, తోట పేరు: ఒక సీసా సందేహం

ప్రశ్న: మేం ఫ్రాన్స్‌లో, దిజోన్‌లో ఉంటున్నాం. మా ఆయన ఆఫీసులో పెద్దాయన ఒకరు రిటైరవుతున్నారు, మంచి వైన్ ఇద్దామనుకున్నాం. షాపులో ‘జెవ్రే-షాంబెర్తాన్’ 60 యూరోల లోపే ఉంది. ఒట్టి ‘షాంబెర్తాన్’ మాత్రం అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది, ధర వందల్లో! రెండూ ఒకే ద్రాక్ష అన్నాడు షాపతను. మరి ఎందుకింత తేడా? మేం తాగం కాబట్టి రుచి చూసి తేల్చుకునే దారి లేదు.
— ఓ పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను వైన్ అమ్మేది మీకు దగ్గర్లోనే, బోన్‌లో. ఈ బీరువా ప్రశ్న మా కొట్లో కూడా తరచూ వస్తుంది. మన దిజోన్, బోన్ ఉన్న ఈ వైన్ ప్రాంతం బర్గండీలో పేరు పొట్టిదయ్యే కొద్దీ ధర పెరుగుతుంది!

జెవ్రే ఊరు. షాంబెర్తాన్ ఆ ఊరి కొండవాలులో ఉన్న ఒక తోట, 13 హెక్టార్లకు కాస్త తక్కువ. తోటకి అప్పటికే గొప్ప పేరుంది కాబట్టి 1847లో ఊరు ఆ పేరును తన పేరుకి తగిలించుకుంది. ఇతర ఊళ్లూ ఊరుకోలేదు. షాంబోల్ వెనక ముసిన్యీ తోట పేరు చేరింది, పులిన్యీ వెనక మోన్‌రాషే తోట పేరు చేరింది. కాబట్టి మీరు చూసిన 60 యూరోల సీసాలో ఉన్నది జెవ్రే ఊరి ద్రాక్ష. షాంబెర్తాన్ తోట ద్రాక్ష కాదు. మోసమేం లేదు, అన్నీ చట్టప్రకారమే.

బర్గండీ వైన్లకు మెట్లు నాలుగు. అడుగున ‘బుర్గోన్య్’ (బర్గండీకి ఫ్రెంచి పేరు) అని ప్రాంతం పేరుతో వచ్చేవి, దాని పైన ఊరి పేరుతో వచ్చేవి. ఆ పైది ప్రెమియే క్రూ (ఇక్కడ క్రూ అంటే హోదా ఉన్న తోట). ఇందులో ఊరి పేరు, ప్రెమియే క్రూ అన్న మాట, చాలాసార్లు తోట పేరు కూడా ఉంటాయి. అన్నిటికన్నా పైన గ్రాన్ క్రూ. అక్కడ సాధారణంగా ఊరి పేరు ఉండదు, తోట పేరొక్కటే. ఇలాంటివి మొత్తం 33. ఉత్పత్తిలో వీటి వాటా రెండు శాతం కూడా ఉండదు, ధర ఆకాశంలో ఉండటానికి సగం కారణం అదే.

మిగతా సగం నేలలో ఉంది. దిజోన్ నుంచి బోన్ వైపు డి974 రోడ్డు మీద వస్తే కుడివైపు వాలు కనిపిస్తుంది కదా, దాన్ని గమనించండి. రోడ్డు దగ్గర పల్లంలో మట్టి లోతు, బరువైన బంక, నీళ్లు నిలుస్తాయి. పైన అడవి అంచున నేల పేదది, చలి ఎక్కువ. నడుమ పట్టీలో సున్నపురాయి మీద పల్చటి మట్టి ఉంటుంది. వాన నీరు దిగిపోతుంది, తూర్పు ఎండ పొద్దున్నే తగులుతుంది. గ్రాన్ క్రూలు చాలామటుకు ఆ పట్టీలోనే ఉన్నాయి.

ఇక్కడ హోదా మడిచెక్కదే, వైన్ చేసే మనిషిది కాదు. మన దగ్గర పొలం ఎవరి చేతికి మారినా సర్వే నంబరు మారనట్టే. అసలు చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. క్లో ద వూజో తోటనే తీసుకోండి. సీతో మఠం సన్యాసులు పెంచి చుట్టూ గోడ కట్టిన తోట అది. ఫ్రెంచి విప్లవకాలంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని అమ్మేసింది, తర్వాత ముక్కలైంది. ఇప్పుడు 50 హెక్టార్ల చోట 80 మంది దాకా సొంతదారులు! పైన వాలులో వరసలున్నవాడూ, కింద రోడ్డు పక్క చెమ్మలో ఉన్నవాడూ లేబుల్ మీద వేసేది ఒకే పేరు, ఒకే గ్రాన్ క్రూ. పైగా అందరి పనితనం ఒకటి కాదు. బద్ధకస్తుడి గ్రాన్ క్రూ కన్నా ఒళ్లొంచి పనిచేసేవాడి ఊరి వైన్ నాకు వందరెట్లు నయం.

మీ పెద్దాయన దిజోన్ మనిషైతే సీసా చేతికి రాగానే తయారీదారు పేరు కోసమే వెతుకుతారు. అందుకే షాపతన్ని ‘ఏ ఊరిది?’ అని కాకుండా ‘ఎవరిది?’ అని అడగండి. జెవ్రే కొన్నా బాగానే ఉంటుంది. నన్నడిగితే దిజోన్ దాటగానే వచ్చే మార్సనే, ఆ పక్కనే ఫిసాన్ చూడమంటాను. మార్సనేకి ఊరి హోదా 1987లోనే వచ్చింది, జెవ్రే అంత పేరు లేదు. అదే డబ్బుకి అక్కడ మంచి తయారీదారు వైన్ దొరుకుతుంది. లేబుల్ మీద ‘గ్రాన్ వాన్ ద బుర్గోన్య్’ అని బంగారు అక్షరాలుంటే పట్టించుకోకండి, అది ఏ మెట్టూ కాదు, ఒట్టి అలంకారం.

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో ‘సెంతెమిలియోన్ గ్రాన్ క్రూ’ 30 యూరోలకే దొరికింది. జాక్‌పాటేనా?
— ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదండీ. సెంతెమిలియోన్ ఉన్నది బోర్డో అనే ఇంకో వైన్ ప్రాంతంలో, అక్కడి లెక్క వేరు. మామూలు సెంతెమిలియోన్ పండే నేలలోనే, దిగుబడి కాస్త తగ్గించి, కొన్నాళ్లు ఎక్కువ నిల్వ చేస్తే గ్రాన్ క్రూ అని వేసుకోవచ్చు. వందల షాటోలు (వైన్ తయారుచేసే ఎస్టేట్లు) వేసుకుంటాయి. చివర ‘క్లాసే’ అన్న మాట కూడా ఉంటేనే అది ర్యాంకు జాబితాలో ఉన్నట్టు. ఆ జాబితాను దాదాపు పదేళ్లకోసారి తిరగరాస్తారు, 2022లో మార్చారు. 30 యూరోలు సరైన ధరే, మీరేం నష్టపోలేదు. సీసాని మాత్రం ఫ్రిజ్ మీద నిలబెట్టకండి. ఆ వేడికి ఏ క్రూ అయినా పాడైపోతుంది.