వాడు ముక్కడం లేదు, ఆపుకుంటున్నాడు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాబుకు రెండేళ్ల తొమ్మిది నెలలు, బరువు 12 కిలోలు. మేడారం జాతరకు పోయొచ్చినప్పటి నుంచి మాకు ఇదే బాధ. అక్కడ మూడు రోజులు డేరాలో ఉన్నాం. కొత్త చోటు, జనం, దుమ్ము. వాడు ఒక్కసారి కూడా దొడ్డికి పోలేదు. ఇంటికొచ్చిన తెల్లారి గట్టిగా, లావుగా వచ్చింది, మీద రక్తం చార కూడా ఉంది. వాడు అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అది జరిగి ఏడు నెలలైంది. ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి పోతాడు. వచ్చినట్టనిపిస్తే తలుపు చాటుకు పోతాడు. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు బిగబట్టి, ముఖం ఎర్రగా చేసుకొని ముక్కుతాడు. కూర్చోమంటే ఏడుపు. మధ్యమధ్యలో నిక్కరుకు పలుచగా అంటుకుంటుంది. విరేచనాలనుకొని ఒకసారి అవి ఆగే మందు కూడా పోశాం. డాక్టరు గారు లాక్టులోజ్ సిరప్ రాశారు. తాగిస్తే నాలుగు రోజుల్లో బాగవుతాడు, ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. రోజూ పోస్తే అలవాటు పడతాడని మా ఆయన భయం. అన్నం రెండు ముద్దలు తింటే గొప్ప, బర్రె పాలు మాత్రం సీసాతో రోజుకు ఐదుసార్లు తాగుతాడు. మా అత్తమ్మ సబ్బు ముక్క పెడదామంటుంది. తమలపాకు కాడకు ఆముదం రాసి రెండుసార్లు పెట్టింది కూడా. దాని మీద ఇంట్లో రోజూ గొడవ. దసరా తర్వాత ప్లేస్కూల్‌కు పంపుదామంటే డైపర్ మానిపించి పంపమన్నారు. జాతరలో కొన్న బూర ఒక్కటి చేతిలో ఉంటే తప్ప వాడు బాత్రూమ్ గడప తొక్కడు. పేగులో ఏమైనా ఉందా? స్కానింగ్ తీయించాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క మాట దిద్దుతాను. వాడు ముక్కుతున్నాడని రాశారు. లేదు, వాడు ఆపుకుంటున్నాడు. బయటికి తోసే పిల్లవాడు మోకాళ్లు మడిచి కూర్చుంటాడు. మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు కర్రల్లా చేసి, తలుపో మంచంకోడో పట్టుకున్నవాడు పిర్రలు బిగించి లోపలికి లాగుతున్నాడు. హనుమకొండలో 31 ఏళ్లు పిల్లల్ని చూశాను. ఈ గోసతో వచ్చిన తల్లుల్లో ఎక్కువమంది మీలాగే ‘పాపం, ఎంత ముక్కినా రావడం లేదు’ అనే అన్నారు.

జాతరలో మూడు రోజులు ఆపుకున్నాడు. లోపలున్న దాంట్లోని నీటిని పెద్దపేగు పీల్చుకుంటూనే ఉంటుంది, అదే దాని పని. మూడు రోజుల్లో అది రాయి అయింది. వస్తూ వస్తూ ఆసనం దగ్గర చర్మాన్ని చీల్చింది. మీరు చూసిన రక్తం చార అక్కడిదే. ఇక పిల్లవాడి లెక్క సూటిగా ఉంటుంది. పోతే నొప్పి, కాబట్టి పోకూడదు. పోకపోతే మళ్లీ గట్టిపడుతుంది, మళ్లీ చీలుతుంది. రెండున్నరేళ్ల వాడికి ‘ఈరోజు పోతే రేపు నొప్పి ఉండదు’ అని చెబితే అర్థమవుతుందా? అది మొండితనం కాదు, భయం. దయచేసి దీని మీద వాణ్ని కొట్టొద్దు, ‘ఛీ’ అనొద్దు.

ఆ నిక్కరుకు అంటుకునే పలుచటిది విరేచనం కాదు. కింద గట్టిపడ్డ దొడ్డి గడ్డలా అడ్డం పడి ఉంటే పైనున్న పలుచటిది దాని పక్కల నుంచి జారి వస్తుంది. వాడికి తెలియను కూడా తెలియదు. దానికి విరేచనాలు ఆగే మందు పోస్తే గడ్డ ఇంకా బిగుస్తుంది. మీ తప్పని అనడం లేదు, చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు.

ఇప్పుడు మందు సంగతి. ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా దిగులు పుట్టించింది మీవారి మాటే. నెలల తరబడి నిండి ఉన్న పేగు చివరి భాగం సాగిపోతుంది. పాత సాక్సుల ఎలాస్టిక్ చూడండి, అట్లా. సాగిన పేగుకు నిండిన సంగతి తెలియదు. అది మళ్లీ బిగువుకు రావడానికి నెలలు పడుతుంది. మీరు నాలుగు రోజులు పోసి ఆపుతున్నారు. మందు పనిచేయక మళ్లీ రావడం లేదమ్మా, ఆపినందుకు వస్తోంది. లాక్టులోజ్ గానీ, ఇప్పుడు పిల్లల డాక్టర్లు ముందుగా రాస్తున్న పాలీఇథైలీన్ గ్లైకాల్ పొడి గానీ, పేగును కొరడాతో తోలే మందులు కావు. నీటిని పేగులోనే పట్టి ఉంచి దొడ్డిని మెత్తగా చేస్తాయి, అంతే. ఆ పొడి ఒంటికి దాదాపు పట్టదు, వచ్చిన దారినే పోతుంది. వాటికి పేగు అలవాటు పడదు. మీవారు నమ్మకపోతే ఈ పేజీ ముందు పెట్టండి.

వైద్యం రెండు దశలు. ముందు లోపల పేరుకున్నది మొత్తం బయటికి పోవాలి. దానికి మూడు నుంచి ఆరు రోజులు ఎక్కువ మోతాదు ఇస్తారు. పొడి అయితే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు, అంటే మీవాడికి 12 నుంచి 18 గ్రాములు. తర్వాత రోజూ వేసే మోతాదు కిలోకు 0.4 గ్రాము దగ్గర మొదలుపెట్టి, అంటే సుమారు 5 గ్రాములు, దొడ్డిని బట్టి పెంచుతారు, తగ్గిస్తారు. ఈ లెక్క మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు మీకు అర్థం కావాలని రాశాను, సొంతంగా మొదలుపెట్టడానికి కాదు. ఇంకో మాట, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ పరీక్షకు ముందు పెద్దలకు ఇచ్చే పెద్ద ప్యాకెట్ వేరు. అది ఇంట్లో ఎవరిదైనా మిగిలి ఉంటే పిల్లవాడికి కలపొద్దు.

మొదటి దశలో నీళ్లలాగా, ఎక్కడంటే అక్కడ అవుతుంది. ఎవరి పెళ్లీ ప్రయాణమూ లేని వారం చూసుకొని మొదలుపెట్టండి. భయపడి మధ్యలో ఆపొద్దు. రెండో దశ కనీసం రెండు నెలలు, మీవాడిలాగా ఏడు నెలలు బాధపడ్డవాళ్లకు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కనీసం ఒక నెల పూర్తిగా నొప్పి లేకుండా పోయాకే మోతాదు తగ్గించాలి, అదీ మెల్లమెల్లగా. వంటింట్లో గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, పాలవాడి లెక్క పక్కనే ఇదీ రాయండి. మేక పెంటికల్లా వస్తే ‘మే’, మిగలపండిన అరటిపండులా మెత్తగా వస్తే ‘అ’. నెలంతా ‘అ’లు కనబడ్డాక డాక్టరు గారి దగ్గరికి ఆ క్యాలెండరే పట్టుకుపోండి. నోటితో ‘పర్వాలేదండి’ అనే తల్లి కన్నా ఆ కాగితం మాకు ఎక్కువ చెబుతుంది.

మీ అత్తమ్మ గారి దగ్గరికి వద్దాం. సబ్బు ముక్క గురించి నేను గొప్పలు పోలేను. మా అమ్మాయికి రెండేళ్లప్పుడు ఇదే వచ్చింది. నేను అప్పటికే పిల్లల డాక్టర్ని. అయినా ఒకరోజు డ్యూటీ నుంచి అలసి వచ్చి, మా అమ్మ సబ్బు సన్నగా కోసి పెడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ పూటకు పని అయింది. తర్వాత మూడు నెలలు ఆ పిల్ల బాత్రూమ్ తలుపు చూస్తేనే ఏడ్చింది. ఇప్పుడు తనకే ఒక బిడ్డ, ఇప్పటికీ ఆ వాసన సబ్బు ఇంట్లోకి రానివ్వదు. సబ్బులోని క్షారం లోపలి పల్చటి పొరను మండిస్తుంది. ఆకు కాడ ఇప్పటికే చీలిన చోట గుచ్చుకుంటుంది. అన్నిటికీ మించి, అసలే అక్కడ నొప్పి అని భయపడేవాడికి ఇంట్లోవాళ్లే పట్టుకొని నొప్పి పెట్టినట్టవుతుంది. ఆసనంలో పెట్టే గ్లిజరిన్ బిళ్ల అయినా డాక్టరు చెప్పినప్పుడే, ఒకటి రెండుసార్లకే.

అయితే అత్తమ్మతో గొడవ పడకండి. ఆవిడకు ఇంతకన్నా మంచి పని ఒకటి వచ్చు. మన ఊళ్లలో ముసలమ్మలు పీట మీద కూర్చొని, రెండు కాళ్లూ చాపి, పాదాల మీద పిల్లల్ని గొంతుకూర్చోబెట్టేవాళ్లు, గుర్తుందా? ఆసనానికి ముందు నుంచి నాడాలాగా చుట్టుకున్న కండరం ఒకటుంది. నిలబడితే అది పేగును వంచి పట్టి ఉంచుతుంది. గొంతుకూర్చుంటే వదులై దారి తిన్నగా అవుతుంది. పాదాలు ఆనకుండా కమోడ్ మీద కాళ్లు వేలాడేసుకున్న పిల్లవాడు నెట్టలేడు. మీ ఇంట్లో కమోడ్ ఉంటే పాదాల కింద పీట వేయండి, మోకాళ్లు నడుము కన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే నానమ్మ కాళ్లే అన్నిటికన్నా మేలు. వెచ్చగా ఉంటాయి, కబుర్లు కూడా చెబుతాయి.

కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదులుతుంది. అందుకే పొద్దున టిఫిన్ అయ్యాక, రాత్రి అన్నం అయ్యాక, అరగంటలోపు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వచ్చినా రాకపోయినా లేపేయాలి. కూర్చున్నందుకు మెచ్చుకోండి, వచ్చినందుకు కాదు. రాకపోయిన రోజు వాడికి ఓడిపోయినట్టు అనిపించకూడదు. ఆ జాతర బూర ఉంది చూశారూ, అది నా మందుల చీటీలో రాయదగ్గది. కూర్చొని గట్టిగా ఊదమనండి. ఊదుతున్నప్పుడు పొట్ట బిగుస్తుంది, కింది కండరం వదులవుతుంది. వాడికి ఈ కిటుకు మీకన్నా ముందే తెలిసినట్టుంది.

ఇదంతా ఆరంభించేది లోపలిది ఖాళీ అయి, దొడ్డి మెత్తబడ్డాకే. అప్పటిదాకా డైపర్ మానిపించొద్దు. డైపర్‌లో, తలుపు చాటున నిలబడి పోయినా సరే, నొప్పి లేకుండా పోనివ్వండి. స్కూల్ దసరాకు కాకపోతే సంక్రాంతికి. రెండున్నరేళ్లవాడు ఐఐటీకేమీ ఆలస్యమవడు.

చీలిక మానడానికి గోరువెచ్చని నీళ్ల టబ్బులో రోజుకు రెండుసార్లు పది నిమిషాలు కూర్చోబెట్టి, కొంచెం వాజిలిన్ రాయండి.

ఇక పాలు. ఐదు సీసాలంటే లీటరు దగ్గరికొస్తుంది. వాడి పొట్ట ఎంత, అందులో లీటరు పాలు పోతే అన్నానికి చోటెక్కడిది? రోజుకు రెండు గ్లాసులు, అర లీటరు లోపు చాలు, అదీ గ్లాసుతోనే. ఒక్కసారిగా ఆపితే మీకు నిద్ర ఉండదు కాబట్టి మూడు రోజులకో సీసా చొప్పున తగ్గించండి, రాత్రి సీసా చివరన. పాలతోనే బతికే పిల్లల్లో రక్తహీనత కూడా ఎక్కువ, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. పాలు తగ్గించినా, మందు సరిగ్గా వేసినా ఏమీ మారకపోతే, డాక్టరు గారు రెండు నుంచి నాలుగు వారాలు పాలు పూర్తిగా మానిపించి చూడొచ్చు. కొందరికి పాలు పడకపోవడం వల్ల కూడా ఇలా అవుతుంది.

తిండి గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. తోటకూర పప్పు, మెత్తటి జొన్న గట్క, చిక్కుడు, గింజ తీసిన జామ, బొప్పాయి, రాత్రి నానబెట్టి నలిపిన ఐదారు కిస్‌మిస్‌లు. బిస్కెట్, చాయ్ వద్దు. పాలు, పప్పుచారు అన్నీ కలిపి 12 కిలోల పిల్లవాడికి రోజుకు లీటరు పైచిలుకు ద్రవం అందాలి. కానీ గడ్డ ఉండగానే పీచు బాగా పెట్టేస్తే ఉబ్బరం తప్ప లాభం లేదు. జామకాయతో తగ్గిందని పక్కింటామె చెప్పిందని మందు మానేయకండి.

మీ చివరి ప్రశ్న, పేగులో ఏమైనా ఉందా అని. మీరు రాసినదాన్ని బట్టి స్కానింగ్ అవసరం కనబడటం లేదు. మామూలుగా ఉన్న పిల్లవాడికి ఫలానా రోజు నుంచి మొదలైందని చెప్పగలుగుతున్నారు కదా, అది మంచి గుర్తు. పుట్టిన రెండు రోజుల్లో మొదటి నల్లటి దొడ్డి అయిందో లేదో గుర్తు చేసుకోండి. కాలేదంటే, నెల లోపు నుంచే ఈ బాధ ఉందంటే, పేగు చివర నరాలు లేకుండా పుట్టే హిర్ష్‌స్ప్రంగ్ జబ్బేమో చూడాలి. పొట్ట బిందెలా ఉబ్బడం, ఆకుపచ్చ వాంతులు, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలం లేకపోవడం, నడుము కింద వెన్ను మీద గుంటో వెంట్రుకల కుచ్చో ఉండడం, వీటిలో ఏది ఉన్నా ఆగకుండా పెద్దాసుపత్రిలో చూపించండి. ఎదుగుదల మందగిస్తే థైరాయిడ్ పరీక్ష కూడా చేస్తారు. ఇవేవీ లేకపోతే మీ ఊరి దగ్గరి పిల్లల డాక్టరు చాలు, కాకపోతే ఒక్కరి దగ్గరే ఉండండి. నెలకో డాక్టరును మారిస్తే ప్రతివాళ్లూ మళ్లీ మొదటి నాలుగు రోజుల మందే రాస్తారు.

ప్రశ్న: మా పాపకు మూడు నెలలు. తల్లిపాలు తప్ప ఏమీ ఇవ్వడం లేదు. ఆరు రోజులుగా దొడ్డికి పోలేదు, కానీ ఆడుకుంటోంది. మా అమ్మ ఆముదం నాకిద్దామంటోంది. ఏం చేయమంటారు? (ఒక తండ్రి, కాజీపేట)

జవాబు: ఏమీ చేయకండి. నెలన్నర దాటిన, తల్లిపాలే తాగే బిడ్డ వారం దాకా పోకపోవడం మామూలే, వచ్చింది మెత్తగా ఉంటే అది మలబద్ధకం కాదు. తల్లిపాలు చాలావరకు ఒంటికే పడతాయి, బయటికి పోవడానికి మిగిలేది తక్కువ. పాలు బాగా తాగుతూ, పొట్ట మెత్తగా ఉండి, మూత్రం పోస్తూ ఉంటే ఎదురుచూడండి. పొట్ట ఉబ్బినా, ఆకుపచ్చగా కక్కినా, పాలు మానేసినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. ఆముదం వద్దు, గ్రైప్ వాటర్ వద్దు, తేనె అయితే ఏడాది దాటేదాకా అసలే వద్దు. ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. ఇట్లా ఆగి ఆగి వచ్చేది చాలా ఎక్కువగా వస్తుంది. ఆ నాలుగు రోజులు కొత్త గౌను వేసి చుట్టాలింటికి తీసుకుపోకండి.