వృద్ధాశ్రమానికి అమెరికా నుంచి విరాళం

ప్రశ్న: మా ఊరి వృద్ధాశ్రమానికి నేనూ, అమెరికా పౌరుడైన మా అన్నయ్యా కలిసి డబ్బు పంపాలనుకుంటున్నాం. నాది ఇంకా భారత పాస్‌పోర్టే. ఆశ్రమం మామూలు ఖాతాలో వేయొచ్చా?

జవాబు: మీరు వేయొచ్చండి, మీ అన్నయ్యగారు వేయకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారితే ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికిచ్చే కార్డు) ఉన్నా వస్తుంది. ఆ సొమ్ము తీసుకోవాలంటే ఆశ్రమానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఇద్దరి వాటా కలిపి పంపితేనే చిక్కంతా. విడివిడిగా పంపి, మీ పాస్‌పోర్టు నకలు ఆశ్రమానికివ్వండి. రిజిస్ట్రేషన్ గడువు 5 ఏళ్లే, ముందే అడగండి. అన్నట్టు, పండక్కి దుప్పట్లు ఎవరైనా ఇస్తారు. నెలనెలా పెద్దల డైపర్లు, మందుల షాపు బాకీ చూసేవాళ్లే తక్కువ.